మనసు ఎందుకు కుదురుగా ఉండదు?



"కాస్త కుదురుగా కూర్చోలేవూ?" అని పిల్లల్ని కసరని తల్లి ఉండదు. పిల్లల సంగతి సరే, పెద్దవాళ్ళం మనం మాత్రం కుదురుగా ఉంటున్నామా? వంట అయి, ఎక్కడివాళ్ళు అక్కడికి వెళ్ళిపోయి, మధ్యాహ్నం ఓ గంట తీరిక దొరికిందనుకోండి. పొద్దుటినుంచీ ఆ గంట కోసమే ఎదురుచూశాం. తీరా దొరికాక ఏం చేస్తాం? సర్దిన బీరువానే మళ్ళీ సర్దుతాం. పత్రిక తిరగేసి పక్కన పడేస్తాం. పక్కింటావిడను పలకరించి వస్తాం. ఏదో వెలితి. ఏమిటది అంటే చెప్పలేం. "అన్నీ అమరి ఉన్నాయి, ఇంకా ఏం తక్కువైంది నీకు?" అని ఎవరైనా అంటే జవాబు తోచదు. లోపం మనలోనే ఉందేమో అనిపిస్తుంది.

ఈ వెలితికీ, దానివల్ల పుట్టే ఆరాటానికీ పెద్ద చరిత్రే ఉంది. యూరప్ ఖండంలో 16, 17 శతాబ్దాల్లో గొప్ప గొప్ప ఆలోచనాపరులు ఈ విషయం మీద తలలు బద్దలు కొట్టుకున్నారు. మనిషి మనసు ఎందుకు నిలవదు? అది జబ్బా, పాపమా, లేక స్వభావమేనా? స్వభావమే అయితే, ఇలాంటి మనుషులందరినీ కలిపి ఒక రాజ్యంగా నిలబెట్టడం ఎలా? ఈ ప్రశ్నలతో కుస్తీ పడుతూ వాళ్ళు చేసిన ఆలోచనలే తర్వాతి కాలంలో ప్రభుత్వాల తీరునూ, పిల్లల చదువు తీరునూ కూడా మార్చాయి. ఆ కథ ఇవాళ చెప్పుకుందాం. ఇందులో కొందరు స్త్రీలు కూడా ఉన్నారు. వాళ్ళ పేర్లు పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి గాని, వాళ్ళను వదిలేసి చెబితే కథ సగమే అవుతుంది.

మనసు చంచలమైనదని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. గాలిని మూటగట్టడం ఎంత కష్టమో మనసును పట్టి ఉంచడం అంత కష్టమని అర్జునుడే మొరపెట్టుకున్నాడు. యూరప్‌లో కూడా పెద్దలది ఇంచుమించు ఇదే మాట. నాలుగో శతాబ్దం చివర ఉత్తర ఆఫ్రికాలో ఉండిన అగస్టీన్ అనే క్రైస్తవ గురువు, భగవంతుడిలో విశ్రాంతి పొందేదాకా మనిషి గుండెకు నెమ్మది లేదని తన ఆత్మకథలో వ్రాశాడు. అంతకుముందు గ్రీకు, రోమను తత్త్వవేత్తలు కూడా దేనికీ చలించనివాడే జ్ఞాని అన్నారు. అంటే ఏమిటన్నమాట? ఆరాటం అనేది దారి తప్పినవాడి గుర్తు. దారి దొరికితే అది ఆగిపోతుంది. వెయ్యేళ్ళకు పైగా అక్కడ ఇదే నమ్మకం.

16వ శతాబ్దం వచ్చేసరికి ఆ నమ్మకం కింద నేల కదిలింది. సముద్రాల అవతల కొత్త ఖండాలు కనిపించాయి. 1517 తర్వాత క్రైస్తవమతం రెండుగా చీలింది. 1543లో కోపర్నికస్ పుస్తకం అచ్చయి, కదలదనుకున్న భూమి కూడా తిరుగుతోందని చెప్పింది. ఫ్రాన్సులో 1562 నుంచి 1598 దాకా మతం పేరిట అంతర్యుద్ధాలు జరిగాయి. ఇరుగుపొరుగులే ఒకరినొకరు చంపుకున్నారు. గమ్యం ఇదీ అని తలా ఒక చోటు చూపించి కత్తులు దూస్తుంటే, గమ్యం చేరితే ఆరాటం తీరుతుందన్న మాటకు విలువేముంటుంది?

ఆ గొడవల మధ్య 1571లో మాంటేన్ అనే పెద్దమనిషి ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశాడు. అప్పటికి ఆయనకు 38 ఏళ్ళు. బోర్డో నగరానికి దగ్గరలో ఆయనకు సొంత జాగీరు ఉంది, అందులో ఒక గుండ్రటి బురుజు. దానిలో పుస్తకాలు పెట్టుకుని, మిగిలిన ఆయుష్షంతా ప్రశాంతంగా గడుపుదామనుకున్నాడు. జరిగింది వేరు. పని లేకుండా వదిలిన మనసు పగ్గం తెంచుకున్న గుర్రంలా పరుగులు తీసింది, పిచ్చి పిచ్చి ఊహలన్నీ పుట్టించింది. మరొకడైతే జపమాల పట్టుకునేవాడు. మాంటేన్ ఆ పరుగునే కాగితం మీద పెట్టసాగాడు. తన భయాలు, తిండి అలవాట్లు, మతిమరుపు, పుస్తకాల మీద ఇష్టాలు, ఒకటేమిటి, అన్నీ వ్రాశాడు. 1580లో అచ్చయిన ఆ పుస్తకంతోనే 'వ్యాసం' అనే ప్రక్రియ యూరప్‌లో పుట్టింది. లోకంలో ఏదీ నిలకడగా లేదు, నేనూ లేను, కాబట్టి నన్ను కదులుతున్నవాడిగానే చిత్రిస్తాను అన్నది ఆయన ధోరణి. ఆరాటాన్ని తిట్టకుండా దానివంక తేరిపార చూసినవాళ్ళలో ఈయన ముందువాడు.

ఆ పుస్తకం అచ్చయిన ఏడాదే ఆయన జర్మనీ, స్విట్జర్లాండు, ఇటలీ దేశాల యాత్రకు బయలుదేరాడు. ఏడాదిన్నర దాకా ఇల్లు చేరలేదు. ఎందుకయ్యా ఈ తిరుగుడు అంటే, దేన్ని తప్పించుకు పోతున్నానో తెలుసుగాని దేన్ని వెతుకుతున్నానో తెలియదన్న అర్థంలో జవాబు చెప్పుకున్నాడు. ఇంటి వ్యవహారాల చికాకులు చిన్నవే అయినా సూదుల్లా గుచ్చుతాయని కూడా ఒప్పుకున్నాడు. మరి ఆయన ఊళ్ళు తిరుగుతుంటే ఆ సూదులు ఎవరికి గుచ్చుకున్నాయి? ఆయన భార్యకు. తన తిరుగుడును సమర్థించుకున్న ఆ వ్యాసంలోనే మాంటేన్ ఇంకో మాట కూడా వ్రాశాడు. స్త్రీకి అన్నిటికన్నా ఉపయోగకరమైన, గౌరవప్రదమైన విద్య ఇల్లు నడపడమేనట! ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. మగవాడి ఆరాటం తత్త్వమయింది. ఆడదాని ఆరాటానికి చోటు కూడా లేదు. ఈ ముడి ఈ కథ పొడుగునా వస్తుంది, గుర్తుంచుకోండి.

మాంటేన్ తర్వాత అరవై ఏళ్ళకు ఒక స్త్రీ ఆ ముడి మీద వేలు పెట్టింది. బొహీమియా రాజకుమారి ఎలిజబెత్ 1618లో పుట్టింది. తండ్రి బొహీమియాకు రాజై ఒక్క చలికాలం తిరిగేసరికి, 1620లో యుద్ధంలో ఓడి రాజ్యం పోగొట్టుకున్నాడు. ఆ కుటుంబమంతా హాలండులోని హేగ్ నగరంలో పరాయి పంచన బ్రతికింది. ఎలిజబెత్‌కు లాటిన్, గ్రీకు, గణితం బాగా వచ్చు. 1643లో, 24 ఏళ్ళ వయసులో, ఆమె ఆ కాలపు మహా తత్త్వవేత్త డెకార్ట్‌కు ఒక ఉత్తరం వ్రాసింది. ఆత్మకు రూపం లేదంటున్నారు కదా, రూపంలేని ఆత్మ చెయ్యినీ కాలునీ ఎలా కదిలిస్తుంది అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన సరైన జవాబు చెప్పలేకపోయాడని నేటికీ పండితులు చెప్పుకుంటారు.

ఉత్తరాలు నడుస్తూ వచ్చాయి. 1645లో ఆమెకు విడవని జ్వరం, పొడిదగ్గు పట్టుకున్నాయి. మీ జబ్బుకు మూలం మనోవేదన అన్నాడు డెకార్ట్. బాధ కలిగించే ఆలోచనల నుంచి మనసు మళ్ళించమని, చెట్ల పచ్చదనాన్నీ, పువ్వుల రంగునూ, పక్షి ఎగరడాన్నీ చూస్తూ ఏమీ ఆలోచించనివాళ్ళలా ఉండమని సలహా ఇచ్చాడు. మంచి సలహానే. ఎలిజబెత్ కూడా కాదనలేదు. కాని తన పరిస్థితి ఇదీ అని వివరించింది. ఒక కష్టం వచ్చినప్పుడు మనసుకు సర్ది చెప్పుకునేలోపు ఇంకోటి వచ్చి పడుతోంది. ఇంటి వ్యవహారాలు వదిలేయడానికి లేదు. వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడక తప్పదు. దేహం బాగా లేనప్పుడు ఆలోచనే సాగదు, అప్పుడు మీరు చెప్పే వివేకం ఎక్కడినుంచి తెచ్చుకోవాలి అన్నది ఆవిడ ధోరణి. ఈ ఉద్వేగాలన్నిటినీ విడమరచి నిర్వచించండి అని ఆమె అడగబట్టే డెకార్ట్ ఆ విషయం మీద పుస్తకం వ్రాయడానికి పూనుకున్నాడు. 1649లో అచ్చయిన ఆ పుస్తకం లోకప్రసిద్ధమైంది. సరిగ్గా ఆ ఏడాదే ఆమె మేనమామ, ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెస్ తల నరికారు.

డెకార్ట్ మాత్రం నిలకడగా ఉన్నాడనుకున్నారా? హాలండులో ఉన్న ఇరవై ఏళ్ళలో ఎన్నో ఇళ్ళు, ఊళ్ళు మారాడు. చివరకు స్వీడన్ రాణి పిలిస్తే అక్కడికి వెళ్ళి, 1650 ఫిబ్రవరిలో ఆ చలిలో కన్నుమూశాడు. ఎలిజబెత్ పెళ్ళి చేసుకోలేదు. జర్మనీలోని హెర్ఫోర్డ్ సన్యాసినుల మఠానికి అధిపతి అయింది. మతం కారణంగా వేరే చోట్ల వేధింపులకు గురైనవాళ్ళకు అక్కడ ఆశ్రయం ఇచ్చింది. 1680 దాకా జీవించింది. నెమ్మదిగా ఉండమని చెప్పడం తేలికేగాని, ఆ నెమ్మదికి కూడా తీరికా, ఆరోగ్యమూ, భద్రతా కావాలని ఆమె ఉత్తరాలు మనకు చెబుతాయి.

ఇక ఇంగ్లండు వెళదాం. ఆ రాజు తల తీసిన అంతర్యుద్ధం 1642లో మొదలైంది. ముప్పు ముందే పసిగట్టి 1640లోనే పారిస్ పారిపోయినవాడు థామస్ హాబ్స్. ఈయన 1588లో, స్పెయిను నౌకాదళం దండెత్తి వస్తోందని దేశమంతా హడలిపోతున్న రోజుల్లో, తల్లి కడుపులో నెలలు నిండకుండానే పుట్టాడు. తానూ భయమూ కవలపిల్లలమని ఆయనే తన మీద తాను ఛలోక్తి విసురుకున్నాడు. 1651లో వచ్చిన ఆయన రాజనీతి గ్రంథం 'లెవయాథాన్' పాత నమ్మకాన్ని మొదలంటా నరికింది.

ఆయన వాదం వినండి. బ్రతకడమంటేనే కదలడం. గుండె ఆగితే ప్రాణం పోయినట్టే, కోరిక ఆగినా బ్రతుకు ఆగినట్టే. కాబట్టి సుఖమంటే అన్నీ తీరి కూర్చోవడం కాదు. ఒక కోరిక నుంచి మరో కోరికకు సాగిపోతూ ఉండటమే సుఖం. మనిషికి బలం మీద బలం సంపాదించాలన్న ఆరాటం చచ్చేదాకా పోదు. దీనికి కారణం అత్యాశేనా? కాదంటాడాయన. ఇప్పుడున్నది రేపటికి నిలుస్తుందన్న నమ్మకం లేకనే మనిషి ఇంకాస్త కూడబెడతాడు. ఈ మాట ఇల్లు నడిపే మనకు ఇట్టే అర్థమవుతుంది. నెలకు సరిపడా బియ్యం ఉన్నా ధర పెరుగుతుందని వినగానే ఇంకో బస్తా తెప్పిస్తాం. అది దురాశ కాదు, రేపటి భయం. అయితే వీధిలో అందరూ అలాగే తెప్పిస్తే? ధర నిజంగానే పెరుగుతుంది, అందరి భయమూ నిజమై కూర్చుంటుంది. రాజ్యాల మధ్యా, మనుషుల మధ్యా పోట్లాటలకు హాబ్స్ చూపిన మూలం ఇలాంటిదే.

అంతకుముందు రాజనీతి చెప్పినవాళ్ళు చాలామంది, మనుషులు మంచివాళ్ళయితే రాజ్యం బాగుంటుంది అనేవారు. హాబ్స్ మనుషులను మార్చే పని పెట్టుకోలేదు. ఆరాటం పోదు, కాబట్టి దాని చుట్టూ గట్టి కంచె వెయ్యాలి, ఆ కంచె ఎదురులేని ప్రభుత్వం అన్నాడు. అందరూ తమ బలాన్ని ఒకరి చేతికి అప్పగించి, బదులుగా ప్రాణభద్రత పొందాలి. ప్రభుత్వం దైవదత్తం కాదు, మనుషులు తమ అవసరం కొద్దీ చేసుకున్న ఏర్పాటు అన్న ఆలోచన ఇంత గట్టిగా పలికింది ఇక్కడే. కాని ఆ కంచె మరీ ఎత్తైపోయింది. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇదే సమయంలో ఫ్రాన్సులో బ్లేజ్ పాస్కల్ ఈ ప్రశ్నను ఇంకోవైపు నుంచి తవ్వాడు. పాస్కల్ గొప్ప గణితవేత్త. సుంకాల ఉద్యోగంలో లెక్కలతో సతమతమయ్యే తండ్రికి సాయంగా 1642లో, ఇరవై ఏళ్ళయినా నిండకుండానే, లెక్కలు చేసే యంత్రం తయారుచేశాడు. తరువాత దైవచింతనలో పడ్డాడు. ఆయన చీటీల మీద వ్రాసిపెట్టుకున్న ఆలోచనలను ఆయన పోయాక 1670లో అచ్చువేశారు. ఒక గదిలో ఒంటరిగా ఊరికే కూర్చోలేకపోవడమే మనిషి దుఃఖాలన్నిటికీ మూలమని అందులో అంటాడు.

పాస్కల్ ఇచ్చిన ఉదాహరణలు చూడండి. వేటగాడు పొద్దంతా కుందేలు వెంట పరుగెత్తుతాడు. అదే కుందేలును ఎవరైనా తెచ్చి ఊరికే ఇస్తే అతనికి అక్కర్లేదు. జూదగాడికి రోజూ గెలిచేంత డబ్బు ముందే ఇచ్చి ఆడవద్దంటే విలవిల్లాడతాడు. పోనీ డబ్బు లేకుండా ఆడమంటే విసుగెత్తిపోతాడు. అతనికి కావలసింది డబ్బూ కాదు, ఒట్టి ఆటా కాదు, తనను తాను మరచిపోవడం. రాజైనా సరే, చుట్టూ వినోదపరిచేవాళ్ళు లేకుండా ఒంటరిగా వదిలేస్తే తన చావు గుర్తొచ్చి దిగులుపడిపోతాడు. పండగ చీర కోసం నెలరోజులు కొట్లన్నీ తిరిగి, తీరా కొన్నాక మడతపెట్టి బీరువాలో పెట్టే మనకు ఈ వేటగాడి కథ పరాయిది కాదు కదూ! హాబ్స్ బయటి భయాన్ని చూపిస్తే పాస్కల్ లోపలి శూన్యాన్ని చూపించాడు. దాన్ని నింపగలవాడు దేవుడొక్కడే అన్నాడు, పాత అగస్టీన్ దారిలోనే.

కాని తమాషా వినండి. గదిలో కూర్చోలేని మనిషి గురించి అంత వ్రాసిన పాస్కలే, 1662 మార్చిలో పారిస్ నగరంలో అయిదు 'సోల్' నాణేలకు ఎక్కించుకునే గుర్రబ్బళ్ళు నడిపించాడు. నిర్ణీత దారిలో, నిర్ణీత వేళకు, నిండినా నిండకపోయినా బయలుదేరే బళ్ళు. మన సిటీబస్సులకు ముత్తాతలు! ఆయన అక్క గిల్బెర్త్ ఆ మొదటి రోజుల సందడిని ఒక ఉత్తరంలో వర్ణించింది. తనూ ఎక్కుదామని దారిలో నిలబడితే, బళ్ళు ఒకదాని వెనక ఒకటి నిండిపోయి ఆగకుండా వెళ్ళిపోయాయట. బస్‌స్టాపులో మన అవస్థే! ఆ వచ్చే రాబడి బీదలకు ఇవ్వాలని పాస్కల్ తాపత్రయం. ఆ ఆగస్టులోనే, 39 ఏళ్ళకే, ఆయన చనిపోయాడు. మనిషి ఆరాటాన్ని అంతగా నిందించినవాడి ఆరాటమే నలుగురికి పనికొచ్చే బండి అయింది.

ఇప్పుడు ఈ కథలో అసలు మలుపు. జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త వైద్యం చదివినవాడు. రాజకీయ కారణాల వల్ల 1683 నుంచి 1689 దాకా హాలండులో తలదాచుకున్నాడు. తిరిగి వచ్చాక మనిషి బుద్ధి గురించి పెద్ద గ్రంథం అచ్చువేశాడు. ఏది ఎక్కువ మంచిదని తోస్తే మనిషి అటు మొగ్గుతాడని మొదట అందులో వ్రాశాడు. డబ్లిన్‌లో ఉన్న ఒక స్నేహితుడు అనుమానం వెలిబుచ్చేసరికి మళ్ళీ ఆలోచించి, 1694లో వచ్చిన రెండో ముద్రణలో ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు. మనిషిని కదిలించేది దూరాన కనిపించే మంచి కాదు, ఇప్పుడు లోపల గుచ్చుకుంటున్న వెలితి అన్నాడు. తాగుబోతుకు ఆరోగ్యం పోతోందని తెలుసు, ఆస్తి కరిగిపోతోందని తెలుసు. అయినా ఆ వేళయ్యేసరికి దాహం గుచ్చుతుంది, కాళ్ళు దుకాణం వైపు నడుస్తాయి. తెలియక కాదు. తెలిసిన మంచి గుచ్చుకోదు, దాహం గుచ్చుకుంటుంది.

ఇక్కడితో ఆగితే మనిషి ఆకలికి బానిస అని తేలుతుంది. లాక్ ఇంకో మాట చేర్చాడు. ఆ వెలితికీ మన పనికీ మధ్య మనం ఒక్క క్షణం ఆగగలం. ఆగి, ఈ కోరిక తీరితే ఏమవుతుంది, తీరకపోతే ఏమవుతుంది అని తూచి చూడగలం. మనిషి స్వేచ్ఛ అంటే ఇదేనన్నాడు. ఆరాటాన్ని చంపనక్కర్లేదు, అది ఎటు లాగితే అటు పోనూ అక్కర్లేదు.

దీని నుంచి రాజనీతి కూడా మారింది. ఎవరి వెలితి వాళ్ళది, కాబట్టి అందరికీ ఒకే సుఖం రుచించదు. ఒకరికి జున్ను ఇష్టం, ఇంకొకరికి సముద్రపు రొయ్య ఇష్టం అని లాక్ ఉదాహరణ. మరి ఫలానాదే నీకు సుఖమని, ఫలానాదే నీ మోక్షమని ప్రభువు ఎలా శాసిస్తాడు? 1689లో మతసహనం గురించి ఆయన ప్రకటించిన లేఖలో ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి వంటివి కాపాడటమే పాలకుడి పని, ఆత్మల జోలికి పోవద్దు అన్నాడు. ఇక హాబ్స్ కట్టిన కంచె సంగతి. అంతా ఒకడి చేతిలో పెడితే, ఆ ఒకడూ మనిషే కదా, అతనికి మాత్రం ఆరాటం ఉండదా? నక్కలకు భయపడి సింహం నోట్లో తల పెట్టడం తెలివా అని అడిగాడు. పాలకుడికి కూడా చట్టమే హద్దు అన్న మాట ఈ దారినే బలపడింది.

పిల్లల చదువు గురించి 1693లో వ్రాసిన పుస్తకంలో కూడా లాక్ ఇదే సూత్రం వాడాడు. పిల్లలు ఊరికే కూర్చోలేరు, మార్పు కోరుకుంటారు, అది వాళ్ళ తప్పు కాదు. ఆ చురుకుదనాన్ని అణచకండి, పనికొచ్చేదాని మీదికి మళ్ళించండి, చదువును ఆటలా చెయ్యండి అన్నాడు. మన పిల్లల బడుల్లో బొమ్మలతో, బిళ్ళలతో అక్షరాలు నేర్పడం వెనక ఇలాంటి ఆలోచనే ఉంది.

ఆయన తన చివరి ఏళ్ళు ఎవరి ఇంట్లో ఉండి గడిపాడో తెలుసా? డెమరిస్ మాషం అనే గృహిణి ఇంట్లో. ఈవిడ కేంబ్రిడ్జి తత్త్వవేత్త రాల్ఫ్ కడ్‌వర్త్ కుమార్తె. 1659లో పుట్టింది. కంటిచూపు తక్కువైనా చదువు మీద మమకారం ఎక్కువ. లాక్‌కు పాత స్నేహితురాలు. 1685లో, మొదటి భార్య పిల్లలు చాలామంది ఉన్న మాషం అనే జమీందారుకు రెండో భార్యగా వెళ్ళింది. కవిత్వం వ్రాయడం మానవద్దని లాక్ అంటే, ఏం లాభం, ఇంటి పనులు మనసుకు నల్లమందు లాంటివి అన్న అర్థం వచ్చేట్టు జవాబు వ్రాసింది. నల్లమందు! ఎంత సరైన మాట చూడండి. ఇంటి పని బాధ పెడుతుందని కాదు, మనసును నిద్రపుచ్చుతుందని ఆమె భయం. మన బుర్రలో ఒక ఆలోచన మొలకెత్తేసరికి పాలు పొంగుతాయి, తలుపు కొడతారు, అది అక్కడే వాడిపోతుంది. పాస్కల్ చెప్పిన వేటగాడు శూన్యానికి భయపడి పనిలోకి పరుగెత్తాడు. డెమరిస్‌కు భయం పుట్టించింది ఆ పనే.

అయినా ఆమె నిద్రపోలేదు. 1691లో లాక్ అనారోగ్యంతో వాళ్ళ ఓట్స్ అనే ఇంట్లో చేరాడు. ఆమె 1696లో ఒకటి, 1705లో ఒకటి, రెండు పుస్తకాలు ప్రకటించింది. రెండింటి మీదా పేరు వేసుకోలేదు. రెండో దానిలో ఆడపిల్లకు ఆలోచించడం నేర్పకుండా పెంచి, చదువుకున్న ఆడదాన్ని చూసి నవ్వి, అటువంటి తల్లుల చేతుల్లో పిల్లల బుద్ధులు పెట్టడం ఏం న్యాయమని నిలదీసింది.

ఆ ఇంట్లోనే ఆమె కొడుక్కి చదువు చెప్పడానికి కోస్త్ అనే ఫ్రెంచి పండితుడు ఉండేవాడు. లాక్ గ్రంథాన్ని ఆయనే ఫ్రెంచిలోకి అనువదించాడు. 1700లో అది అచ్చయింది. లాక్ వాడిన ఆ 'వెలితి' అనే మాటకు సరైన ఫ్రెంచి మాట దొరకక, దగ్గరి మాట ఒకటి వేసి, దీన్ని ప్రత్యేకార్థంలో వాడుతున్నానని వివరించుకోవలసి వచ్చింది. ఆ అనువాదం జర్మనీలో లైబ్నిట్జ్ అనే మహా మేధావికి చేరింది. గడియారంలో అటూ ఇటూ ఊగుతూ దాన్ని నడిపించే భాగాన్ని మా జర్మనులు 'నెమ్మదిలేనిది' అనే అంటారని ఆయన గుర్తుచేశాడు. అది ఊగడం ఆగితే గడియారం ఆగిపోయినట్టే. ఒకప్పుడు పాపమన్న ఆరాటం ఇలా మనిషి గడియారాన్ని నడిపే చక్రం అయి కూర్చుంది! లైబ్నిట్జ్ డెమరిస్‌తో కూడా ఉత్తరాల్లో తత్త్వచర్చ జరిపాడు. 1704 అక్టోబరులో లాక్ పోయేటప్పుడు పక్కన కూర్చుని భక్తిగీతాలు చదివి వినిపించింది ఆవిడే.

లాక్ ఆ అధ్యాయాన్ని తిరగరాసిన 1694లోనే లండన్‌లో మేరీ ఆస్టెల్ అనే మరో స్త్రీ, ఆడవాళ్ళకు ఒక ప్రతిపాదన అంటూ చిన్న పుస్తకం వేసింది. ఆడవాళ్ళు కొన్నాళ్ళు వెళ్ళి చదువుకుంటూ, ఆలోచించుకుంటూ గడపడానికి ఒక నివాసం కావాలని కోరింది. అది అప్పట్లో జరగలేదు. తరువాత 1706లో ఆమె ఇంకా గట్టిగా అడిగింది. మనుషులందరూ స్వతంత్రులుగా పుట్టారంటున్నారు కదా, మరి ఆడవాళ్ళు మాత్రం బానిసలుగా ఎలా పుట్టారు? రాజుకు ఎదురులేని అధికారం తప్పయితే, ఇంట్లో మగవాడికి అదెలా ఒప్పయింది? అసలు ప్రశ్న ఇది. లాక్ దాని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడినప్పుడు, సుఖాన్ని వెతుక్కోవడం మనిషి హక్కు అన్నారు. సుఖం హక్కు అనలేదు, వెతుక్కోవడం హక్కు అన్నారు. ఆ పదబంధం లాక్ అధ్యాయంలోనూ కనిపిస్తుంది. కాని ఆ దేశమంతటా స్త్రీలకు ఓటు రాజ్యాంగబద్ధం కావడానికి 1920 దాకా ఆగవలసి వచ్చింది. ఆరాటం మానవస్వభావం అని ఒప్పుకోవడానికి యూరప్‌కు వందేళ్ళు పట్టింది. ఆ మానవుల్లో ఆడవాళ్ళు కూడా ఉన్నారని ఒప్పుకోవడానికి ఇంకా రెండు వందల ఏళ్ళకు పైనే పట్టింది.

ఇంతకీ ఈ కథ నుంచి మనం తీసుకోదగ్గదేమిటి? అన్నీ ఉన్నా వెలితిగా ఉందంటే అది పొగరు కాదు, కృతఘ్నత కాదు. మనసు బ్రతికి ఉందని గుర్తు. అలాగని ఆ వెలితి ఎటు నెడితే అటు పరుగెత్తమనీ కాదు. పాస్కల్ వేటగాడిలా పరుగు కోసమే పరుగెత్తుతున్నామేమో చూసుకోవాలి. లాక్ చెప్పినట్టు ఒక్క క్షణం ఆగి, ఈ గుచ్చుకుంటున్నది ఏమిటని అడగాలి. అది కొత్త చీర కోసమా, మధ్యలో ఆగిపోయిన చదువు కోసమా, మనసు విప్పి మాట్లాడే మనిషి కోసమా? ఒక్కొక్కదానికి మందు ఒక్కొక్కటి. అన్నిటికీ ఒకటే నల్లమందు వేసుకుంటే మాత్రం ఏ వెలితీ తీరదు.

మరొక్క మాట. ఇంట్లో కూతురో, కోడలో, అత్తగారో "ఏమిటో, ఏమీ తోచడం లేదు" అంటే, "నీకేం తక్కువైంది?" అని గదమాయించకండి. ఎలిజబెత్‌కు ఉత్తరాలు వ్రాసుకోవడానికి ఒక డెకార్ట్ దొరికాడు. ఆయన సలహా పూర్తిగా పనిచేయకపోయినా, ఆమె మాట వినేవాడు ఒకడు ఉన్నాడు. మన ఇళ్ళల్లో ఆ వినే పని మనమే చెయ్యాలి. "ఏం కావాలనిపిస్తోంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా కూర్చోండి.